రగ్బీ యూనియన్‌ను వృత్తిగా తీసుకోవడం: ఆడినవారి అనుభవాలు కావాలి

తమ్ముడి కోసం:
మా తమ్ముడికి 18 ఏళ్లు. ప్రాప్‌గా, అంటే రెండు జట్ల ఆటగాళ్లు గుంపుగా తలలు వంచి ఒకరినొకరు నెట్టుకునే స్క్రమ్‌లో ముందువరుస చివర నిలిచేవాడిగా, ఆడుతున్నాడు. ఒక క్లబ్ అకాడమీ రెండేళ్ల ఒప్పందం ఇస్తామంటోంది. చదువు ఆపేసి సంతకం చేస్తానని వాడు పట్టుబడుతున్నాడు. జీతం తీసుకుని ఈ ఆట ఆడినవారు, వారితో కలిసి పనిచేసినవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

మూడో నంబరు:
నేను తొమ్మిదేళ్లు రెండో శ్రేణి లీగులో టైట్‌హెడ్ ప్రాప్‌గా, అంటే ముందువరుసలో కుడివైపు, ఆడాను. ప్రాప్‌కు తొందరపడవలసిన అవసరం లేదు. 1994లో జోనా లోము న్యూజిలాండ్ జట్టులో తొలి టెస్టు ఆడేనాటికి అతనికి 19 ఏళ్లే, కానీ అతను మైదానం అంచున పరుగెత్తే వింగర్. స్క్రమ్‌లో ఎదుటివాడు ఏ క్షణాన ఎటు నెట్టబోతున్నాడో మెడతో, వెన్నుతో పసిగట్టే విద్య మాత్రం ఏళ్ల తరబడి ఓడితే గాని అబ్బదు. మొదటి రెండు సీజన్లు ముప్పై దాటిన ఆటగాళ్లు నన్ను దాదాపు ప్రతి స్క్రమ్‌లోనూ వెనక్కి నడిపించారు. 27 దాటాక ఆ పని నాకు చేతనైంది, సరిగ్గా అప్పుడే మెడనొప్పి కూడా మొదలైంది. మైదానంలోని 80 నిమిషాలు అందరూ చూస్తారు. మర్నాడు మంచం దిగడానికి పట్టే సమయం ఇంట్లోవాళ్లకే తెలుసు.

ఫిజియో:
తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆటగాణ్ని బయటికి తెచ్చి పరీక్షించే పద్ధతి ఇప్పుడుంది. అయినా ఒప్పందం ముగింపుకు వచ్చిన ఏడాదిలో ఉన్నవారే లక్షణాలను ఎక్కువగా దాచడం నేను చూశాను, వారిని తప్పుపట్టనూ లేకపోయాను. 2003లో ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టు హుకర్ (ముందువరుస మధ్యలో ఆడేవాడు) స్టీవ్ థాంప్సన్ తనకు నడివయసులోనే డిమెన్షియా వచ్చిందని 2020లో వెల్లడించాడు. ఆ ఫైనల్ ఆడిన సంగతే తనకు గుర్తు లేదన్నాడు. మీ తమ్ముడు చేరబోయే చోట ఆటగాడు మళ్లీ ఎప్పుడు ఆడాలో తేల్చేది వైద్యుడా, కోచా అన్నది సంతకానికి ముందే అడిగి తెలుసుకోండి.

పాత సెంటర్:
ఒప్పందం ఎంత పొడవున్నా క్లబ్ నిలబడితేనే దానికి విలువ. ఇంగ్లండ్‌లో 2022లో వూస్టర్, వాస్ప్స్, మరుసటి ఏడాది లండన్ ఐరిష్ క్లబ్‌లు ఆర్థికంగా కుప్పకూలినప్పుడు పెద్ద పేరున్న ఆటగాళ్లు కూడా కొత్త కొలువు వెతుక్కోవలసి వచ్చింది. నేను ఆడిన చిన్న క్లబ్ కూడా సీజన్ మధ్యలో మూతపడింది, చివరి రెండు నెలల జీతం నేటికీ రాలేదు. 1995 ఆగస్టులో ఈ ఆట వృత్తిగా మారేదాకా అంతర్జాతీయ ఆటగాళ్లు కూడా వైద్యులుగా, రైతులుగా, పోలీసులుగా పనిచేస్తూనే ఆడేవారు. ఆ అలవాటు పూర్తిగా పోవడం మనకు నష్టమేనని నా అభిప్రాయం. నేను దూరవిద్యలో పూర్తి చేసిన డిగ్రీయే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది.

తమ్ముడి కోసం:
అందరికీ కృతజ్ఞతలు. గాయపడి నెలల తరబడి ఆడలేకపోతే జీతం వస్తుందా?

మూడో నంబరు:
అది ఒప్పందంలో రాసుకున్నదాన్ని బట్టి ఉంటుంది. నా మోకాలి లిగమెంట్ తెగినప్పుడు ఆరు నెలలు పూర్తి జీతం, ఆ తర్వాత సగం ఇచ్చారు. ఆ నిబంధనను లాయరుకు చూపించండి. ఇంకొక్క మాట: స్క్రమ్‌లో రెండు వైపులా ఆడడం ఇప్పటినుంచే నేర్చుకోమనండి. ముందువరుసకు శిక్షణ పొందిన ప్రత్యామ్నాయ ఆటగాళ్లు బెంచీ మీద ఉండి తీరాలి కనుక, అటూ ఇటూ ఆడగలిగే ప్రాప్‌ను క్లబ్‌లు అంత సులువుగా వదులుకోవు.