నొప్పి బిళ్ళ వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టా? అమ్మ గురించి అడుగుతున్నా, పెద్దలు చెప్పండి

కాలవగట్టు_77 · రాత్రి 11:40
అందరికీ వందనాలండి. మాది నర్సాపురం పక్కన పల్లెటూరు. అమ్మకి 61 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన మూడేళ్ళకి నడుం ఎముకల్లోకి పాకింది. డాక్టరు గారు మార్ఫిన్ రాశారు, పది మిల్లీగ్రాముల బిళ్ళ, నాలుగు గంటలకోటి. టైం ప్రకారం నేనే చేతిలో పెట్టి నీళ్ళిస్తున్నాను, మింగుతోందనే అనుకున్నా. మొన్న ఆదివారం అమ్మ బైబిల్ జిప్ కవర్ తీస్తే అట్టకీ కవరుకీ మధ్యన బిళ్ళలు. లెక్కపెడితే 23. కొన్ని తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి, అంటే నోట్లో పెట్టుకుని నేనటు తిరగ్గానే తీసేస్తోంది. రాత్రిళ్ళు పమిట చెంగు నోట్లో కుక్కుకుని మంచం పట్టె పట్టుకుంటుంది, మంచం కిర్రుమంటే నాకు మెలకువొస్తుంది. ఎందుకమ్మా ఇలా చేస్తున్నావంటే "ఆయన సిలువ మీద మత్తు పుచ్చుకోలేదు కదరా" అంది. ఈ మాట అమ్మకి తోచింది కాదు, ఎవరో చెప్పిందే. నొప్పికి మందు వేసుకోడం విశ్వాసం లేకపోవడమా? అదొక్కటి చెప్పండి.

కొబ్బరాకు · 11:52
ప్రార్థిస్తున్నాం బ్రదర్. ఆయన కృప చాలు.

గట్టుమీద_మాస్టారు · రాత్రి 12:15
బాబూ, నలభై ఏళ్ళుగా మందిరంలో వాక్యం చెప్తున్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. అమ్మ చెప్పింది వాక్యంలో ఉన్న మాటే. మార్కు 15:23 చూడు, సిలువ వేసేముందు బోళం, అంటే మొద్దుబార్చే చెట్టు బంక, కలిపిన ద్రాక్షారసం ఇచ్చారు, ఆయన పుచ్చుకోలేదు. నొప్పిని పూర్తి తెలివితో భరించాడు. పౌలుకి శరీరంలో ముల్లుంది, మూడుసార్లు వేడుకున్నా దేవుడు తీయలేదు. తమిళనాడు దోనావూరులో మిషనరీ ఏమీ కార్‌మైకేల్ అమ్మగారు 1931లో గోతిలో పడ్డారు, 1951లో ప్రభువు దగ్గరికి వెళ్ళేదాకా ఇరవై ఏళ్ళు దాదాపు మంచం మీదే, ఆ మంచం మీదే చాలా పుస్తకాలు రాశారు. వెల్లూరులో కుష్ఠు రోగులకి చేతులు బాగుచేసిన పాల్ బ్రాండ్ డాక్టరు గారు నొప్పి దేవుడిచ్చిన వరం అన్నారు, ఆయన డాక్టరే మరి. మందు పాపమని నేను అనట్లేదు. ఆవిడ చేసుకున్న తీర్మానాన్ని మాత్రం పిల్లలు చులకన చెయ్యకూడదంటున్నాను.

గోదారి_నర్సు · 12:41
వందనాలు మాస్టారు. నేను ఇరవై రెండేళ్ళుగా నర్సుని, అందులో తొమ్మిదేళ్ళు క్యాన్సర్ వార్డు. పాల్ బ్రాండ్ గారి మాట సగమే చెప్పారు. కుష్ఠు వచ్చినవాళ్ళకి స్పర్శ పోతుంది కాబట్టి చెయ్యి కాలుతున్నా తెలియదు, పుండు పడినా తెలియక దాని మీదే నడుస్తారు, అలా వేళ్ళూ పాదాలూ పోతాయి. ప్రమాదం తెలియజేస్తుంది కాబట్టి నొప్పి వరం అన్నారాయన. ఈ అమ్మగారికి ఎముకలో ఏముందో డాక్టరుకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఇంక ఆ నొప్పి కొత్తగా తెలియజేసేదేముందండి?

తమ్ముడూ, మార్ఫిన్ మీరనుకునే మత్తు కాదు. మొదటి నాలుగు రోజులు మగతగా ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. నొప్పి వచ్చాక ఇవ్వడం కాదు, రాకముందే గడియారం ప్రకారం ఇవ్వాలి. ఆ పద్ధతి గట్టిగా నిలబెట్టింది సిసిలీ సాండర్స్, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే ఆఖరి దశ రోగుల్ని చూసుకునే ఆస్పత్రి, పెట్టినావిడ, ఆవిడా విశ్వాసురాలే.

విశ్వాసం_గెలుస్తుంది · ఉదయం 5:30
ప్రైజ్ ద లార్డ్. ఇద్దరూ లోకజ్ఞానమే చెప్తున్నారు. ఆయన పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత అని యెషయా రాశాడు కదా, కలుగుతుందేమో అని రాయలేదు. నాకు రెండేళ్ళు మోకాళ్ళ నొప్పులు, ఉపవాస కూడికలో నూనె రాసి ప్రార్థన చేయించుకున్నా, ఇప్పుడు మెట్లెక్కుతున్నా. అమ్మగారిని తీసుకురండి బ్రదర్. బిళ్ళలు దాచిపెట్టిందంటే ఆత్మ ఆవిడతో మాట్లాడుతున్నట్టే.

రేవు_బ్రదర్ · 6:10
మోకాళ్ళ నొప్పీ ఎముకల్లో క్యాన్సరూ ఒకటేనాండి. మా చిన్నతమ్ముడికి పదహారో ఏట షుగర్ వచ్చింది, ఇన్సులిన్ మీదే బతకాల్సిన రకం. మూడు రోజుల ఉపవాస కూడికకి తీసుకెళ్ళాం, సూది కూడా ఇంట్లో వదిలెయ్యండి అదే మీ ఒప్పుకోలు అన్నారు, వదిలేశాం. రెండో రోజు సాయంత్రానికి వాంతులు, ఎగశ్వాస. ఆత్మ పనిచేస్తోంది అన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి అంతా అయిపోయింది. సమాధి దగ్గర ఆ మనిషే మా అమ్మతో "ఇంట్లో ఎవరికో విశ్వాసం చాలలేదు" అన్నాడు. పేరు రాయను. పద్నాలుగేళ్ళయింది, ఆ ఎవరో నేనేనేమో అని మా అమ్మ ఇప్పటికీ రోజూ అనుకుంటుంది. తన శిష్యుడు తిమోతి కడుపు బాగోకపోతే కొద్దిగా ద్రాక్షారసం తాగమని పౌలే రాశాడు, తన వెంట తిరిగిన త్రోఫిముని జబ్బుతో మిలేతులో వదిలేసి వచ్చాడు. వాళ్ళకి విశ్వాసం చాలలేదా?

అన్నట్టు మాస్టారూ, ఆయన సిలువ మీద ఏమీ పుచ్చుకోలేదన్నది కూడా తప్పు. యోహాను 19:30లో చిరక, అంటే పులిసిన ద్రాక్షారసం, పుచ్చుకున్నాడు.

గట్టుమీద_మాస్టారు · 8:05
చిరక వేరు, బోళం వేరు నాయనా. బోళం కలిపింది సిలువ వెయ్యకముందు ఇచ్చారు, మొద్దుబారడానికి. చిరక ఆఖర్న ఇచ్చారు, దాహానికి. దాహం వేరు, మత్తు వేరు.

రేవు_బ్రదర్ · 8:12
ఏదైనా ద్రాక్షారసమే కదండి. పుచ్చుకున్నాడా లేదా?

గట్టుమీద_మాస్టారు · 8:30
సిపాయిలు తాగే పుల్లటి నీళ్ళు అవి, అందులో మొద్దుబార్చే గుణం లేదు. నాలుగు సువార్తలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

లంకపొలం · 8:44
ఆవిడ అక్కడ పమిట నోట్లో కుక్కుకుంటోంది, మీరు చిరకా బోళమా అని కొట్టుకుంటున్నారు.

గోదారి_నర్సు · 9:20
బాగా అన్నారు. మాస్టారూ, ఒక్క మాట అడుగుతాను. 1836లో మన దేశానికొచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు తర్వాత నర్సాపురం వచ్చారని మీ మందిరాల్లో ప్రతి ఏడూ చెప్పుకుంటారు కదా. వాళ్ళ వెనకొచ్చినవాళ్ళు అదే ఊళ్ళో ఆస్పత్రి కట్టారు. నొప్పి భరించడమే సాక్ష్యమైతే ఆస్పత్రి ఎందుకు కట్టినట్టు? ఎముకల నొప్పి అంటే ఏంటో మీకు తెలుసా అసలు? దుప్పటి తగిలితే అరుస్తారు. పక్కకి తిప్పినా ఒక్కోసారి ఎముక విరిగిపోతుంది. కుర్చీలో కూర్చుని మార్కు 15:23 రాయడం తేలికే.

విశ్వాసం_గెలుస్తుంది · 9:31
ఆస్పత్రులు అవిశ్వాసుల కోసం కట్టారు సిస్టర్.

గట్టుమీద_మాస్టారు · 10:02
నాకు తెలియదంటావా అమ్మా. 2009లో మా ఇంటావిడకి గర్భసంచి క్యాన్సర్. ఏడు నెలలు. ఏ డాక్టరూ మార్ఫిన్ అన్న మాటే ఎత్తలేదు మాకు. మామూలు నొప్పి సూదులిచ్చి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పాటలు పాడుతూ పోయింది, సంఘమంతా చూసింది, ఆవిడ సాక్ష్యం విని ముగ్గురు బాప్తిస్మం తీసుకున్నారు. ఇప్పుడు మీరొచ్చి పది మిల్లీగ్రాముల బిళ్ళతో పోయే నొప్పి అంటున్నారు. అయితే ఆవిడ ఆ ఏడు నెలలూ ఊరికే పడిందా? దేవుడి కోసం పడిందనుకుంటున్నాను నేను. కాదు, బిళ్ళ దొరక్క పడిందంటారా? ఆ మాట సూటిగా చెప్పండి.

లంకపొలం · 10:06
మాస్టారూ...

గోదారి_నర్సు · 11:15
కుర్చీ మాట అన్నందుకు క్షమించండి మాస్టారు. మీరు సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను. అవునండి, బిళ్ళ దొరక్కే. 1985 మత్తుమందుల చట్టం తర్వాత మార్ఫిన్ పెట్టుకోవాలంటే ఆస్పత్రికి లైసెన్సు మీద లైసెన్సు కావలసొచ్చేది, చాలామంది అసలు తెప్పించడమే మానేశారు. 2014లో చట్టం మార్చాకే కాస్త దారి తెరుచుకుంది. 2009లో ఇక్కడ దొరక్కపోవడం మీ తప్పు కాదు, ఆవిడ విశ్వాసం తప్పూ కాదు, దేవుడి చిత్తమని మాత్రం నేననలేను. దొరికి ఉంటే ఆవిడ పాట మానేసేవారా? నొప్పి తగ్గినవాళ్ళు నా వార్డులో పాడారు, చదువుకున్నారు, మనవళ్ళతో మాట్లాడారు. ఆవిడ పాట ఆవిడదే, నొప్పిది కాదు.

కాలవగట్టు_77 · మధ్యాహ్నం 1:20
అందరికీ థాంక్సండి. నేను మొత్తం చెప్పలేదు. ఆ మాట ఎవరు చెప్పారో నాకు తెలుసు. పోయిన డిసెంబర్లో స్త్రీల కూడికలో అమ్మ చేత సాక్ష్యం చెప్పించారు, ఇంత నొప్పిలో ఒక్క మాట సణగలేదు అని. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ప్రసంగంలో అమ్మ పేరెత్తుతారు, ఇంటికొచ్చి చూసి వెళ్తారు. వాళ్ళొచ్చే ముందు అమ్మ ముఖం కడిగించుకుని దిండుకి ఆనుకుని చేతిలో లేసు సూది పట్టుకుని కూర్చుంటుంది. మా ఊళ్ళో ఆడవాళ్ళందరిలాగే చిన్నప్పుడే నేర్చుకుంది, దొరసానులు నేర్పిన పని. అదే సూది, అదే తెల్ల దారం, నాలుగు నెలల్నుంచి ఆ పువ్వులో ఒక్క రేక పెరగలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక సూది చేతిలోంచి నేను తీస్తాను, వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. మందు తింటోందని తెలిస్తే ఆ సాక్ష్యం అబద్ధమైపోతుందని భయం అమ్మకి. మూలగడానికి కూడా భయమే.

రేవు_బ్రదర్ · 1:34
ఇది ముందు చెప్పాల్సింది తమ్ముడూ. ఇది మందు గొడవే కాదు. మనందరికీ బలం రావాలని ఆవిణ్ణి అరవనివ్వట్లేదు మనం.

విశ్వాసం_గెలుస్తుంది · 1:50
మోషే వెంట వెళ్ళి సణిగినవాళ్ళు అరణ్యంలో రాలిపోయారు, గుర్తుపెట్టుకోండి.

గట్టుమీద_మాస్టారు · సాయంత్రం 6:45
పొద్దున్నుంచి రాద్దామా వద్దా అని కూర్చున్నాను. పదహారేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఇది, నా పిల్లలకి కూడా తెలియదు. ఆవిడ పాడిన మాట నిజమే. కానీ పోవడానికి తొమ్మిది రోజుల ముందు ఒక రాత్రి, వానపడుతోంది, కరెంటు లేదు, నా చొక్కా పట్టుకుని "మీ దేవుడికి చెవులు లేవా" అంది. మన దేవుడు అనలేదు, మీ దేవుడు అంది. తెల్లారేదాకా తిట్టింది, నన్నూ ఆయన్నీ. నేను నోరు మూసుకోమన్నాను, పక్కింటివాళ్ళు వింటారని. సమాధి కార్యక్రమంలో పాటల సంగతి చెప్పాను, ఈ రాత్రి సంగతి మింగేశాను. ఆ ఒక్క రాత్రితో ఆవిడ జారిపోయిందేమో అన్న భయంతోనే ఇన్నేళ్ళూ నొప్పి వరం, నొప్పి వరం అని బోధించాను.

ఈ మధ్యాహ్నం బైబిల్లో యోబు గ్రంథం మళ్ళీ తీశాను, అన్నీ పోగొట్టుకున్న మనిషి కథ. పుట్టిన రోజునే శపించాడు, దేవుణ్ణి వ్యాజ్యానికి పిలిచాడు. ఆఖర్న దేవుడికి కోపం వచ్చింది ఆయన మీద కాదు, పక్కన కూర్చుని దేవుడి తరఫున చక్కగా మాట్లాడిన ముగ్గురి మీద. 42:7. ఎన్నిసార్లు ప్రసంగించానో ఆ వచనం. ఆ ముగ్గురిలో నేనున్నానని ఎప్పుడూ చూసుకోలేదు.

బాబూ, 88వ కీర్తన అమ్మకి చదివి వినిపించు. తక్కిన విలాప కీర్తనలు చాలావరకు ఆఖర్న ఎలాగో స్తుతిలోకి తిరుగుతాయి. అది తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా గ్రంథంలోంచి తీసెయ్యలేదు. బోళం సంగతి ఇంక మాట్లాడను.

రేవు_బ్రదర్ · 7:02
మాస్టారూ, మా అమ్మ దగ్గరికి ఒకసారి రాగలరా? మీరు చెప్తే వింటుందేమో.

కాలవగట్టు_77 · రాత్రి 2:25
చదివానండి. అమ్మ కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక "ఆఖర్న స్తుతి ఏదిరా" అంది. లేదమ్మా, అక్కడితో అయిపోయింది అన్నాను. మళ్ళీ చదవమంది. రెండోసారి చదువుతుంటే మూలిగింది, పైకే, పమిట లేకుండా. పక్కగదిలో నాన్న లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. రెండింటికి బిళ్ళ ఇచ్చాను. మింగిందో లేదో నోరు తెరవమనలేదు, తనూ చూపించలేదు. ఆదివారం ఎవరైనా వస్తే పడుకుందని చెప్పమంది.

గోదారి_నర్సు · ఉదయం 6:00
తమ్ముడూ, మలబద్ధకానికి మందు రాశారా? మార్ఫిన్‌తో పాటు మొదటి రోజునుంచే అదీ ఇవ్వాలి, చాలామంది ఈ బాధకే మార్ఫిన్ మానేస్తారు. చీటీలో లేకపోతే ఇవాళే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. పక్కకి తిప్పేటప్పుడు ఒక్కరే తిప్పకండి, నాన్నగారిని కూడా పట్టుకోమనండి.