ఆబ్లివియన్ (2006)లో మాడ్‌లు చేర్చాక ఆట తరచూ ఆగిపోతోంది: పాత సేవ్ పోకుండా సరిచేయడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. 2006లో వచ్చిన ద ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్‌ను షివరింగ్ ఐల్స్ విస్తరణతో కలిపి విండోస్ 11లో ఆడుతున్నాను. మొదటి 30 గంటలు మాడ్‌లు ఏవీ లేకుండా ఆడినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ తరువాత రెండు నెలల్లో 60కి పైగా మాడ్‌లు, అంటే ఆటను మార్చేందుకు ఇతరులు తయారుచేసిన ఫైళ్లు, చేర్చాను. వాటిలో చాలావాటిని జిప్ ఫైల్ విప్పి నేరుగా డేటా ఫోల్డర్‌లోకి కాపీ చేశాను కనుక, ఏ ఫైల్ దేని మీద పడిందో ఇప్పుడు చెప్పలేని స్థితిలో ఉన్నాను. ఆట ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే ఇన్‌స్టాల్ అయి ఉంది.

ఇప్పుడు అరగంట, ముప్పావుగంట ఆడేసరికి ఏ సందేశమూ లేకుండా ఆట మూసుకుపోయి డెస్క్‌టాప్ కనబడుతోంది. కొత్త టెక్స్చర్ల (గోడలు, వస్తువుల ఉపరితలాలపై కనిపించే చిత్రాల) మాడ్ పెట్టినా కొన్ని ఊళ్లలో గోడలు పాతవాటిలాగే ఉన్నాయి, ఒకచోట మాత్రం గోడ మొత్తం ఊదారంగులో వస్తోంది. ఒక గుహలో వస్తువు ఉండవలసిన చోట ఆశ్చర్యార్థకం ఉన్న పెద్ద పసుపు గుర్తు నిలబడి ఉంది. ఇదివరకు దాదాపు ఎప్పుడూ క్విక్‌సేవ్ (ఒకే ఫైల్ మీద మళ్లీ మళ్లీ రాసే శీఘ్ర సేవ్) వాడాను, నిన్న అది తెరుచుకోలేదు. దానికి ముందుదైన మరో సేవ్ తెరుచుకుంటోంది కానీ, అందులో ఆడినా ఆట అలాగే ఆగిపోతోంది.

దీనికి పరిష్కారం వెతుకుతుంటే ఒక సైటులో, కొన్ని డిఎల్ఎల్ ఫైళ్లు (ప్రోగ్రామ్‌లు వాడే కోడ్ ఉన్న ఫైళ్లు) దించుకుని ఆట ఫోల్డర్‌లో వేయమనీ, అలా వేసేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపివేయమనీ రాసి ఉంది. అది చేయవచ్చా? అన్నిటికంటే ముఖ్యంగా, 80 గంటలు పెంచుకున్న పాత్ర ఇది. దీన్ని వదులుకోకుండా బయటపడే దారి ఉంటే దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

ముందుగా ఆ డిఎల్ఎల్‌ల జోలికి వెళ్లకండి, యాంటీవైరస్‌ను ఆపకండి. మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో, మై గేమ్స్ కింద ఉన్న ఆబ్లివియన్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. సేవ్‌లు, ఆబ్లివియన్.ఇని అనే అమరికల ఫైల్ రెండూ అందులోనే ఉంటాయి. తెరుచుకోని క్విక్‌సేవ్‌ను కూడా చెరిపేయవద్దు.

మీరు వివరించినదాన్ని బట్టి ఇది ఒక్క లోపం కాదు, మూడు నాలుగు వేరువేరు లోపాలు ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. వాటిపై ఇంకో మరమ్మతు మాడ్ చేరిస్తే పని మరింత చిక్కుపడుతుంది. ఇప్పుడున్న డేటా ఫోల్డర్‌ను బాగుచేయడానికి ప్రయత్నించే కన్నా, ఆటను తీసివేసి, మిగిలిపోయిన ఫోల్డర్‌ను కూడా తొలగించి, ప్రోగ్రామ్ ఫైల్స్ బయట, ఉదాహరణకు సి డ్రైవ్‌లో గేమ్స్ అనే ఫోల్డర్ చేసి అందులో తిరిగి ఇన్‌స్టాల్ చేయడమే తక్కువ శ్రమ. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫైళ్లను మార్చకుండా విండోస్ కాపలా కాస్తుంది. ఈ కాపలా ఆట వచ్చిన తరువాత, విండోస్ విస్టాతో మొదలైంది కాబట్టి ఆటను తయారుచేసినవారు దీన్ని లెక్కలోకి తీసుకుని ఉండే అవకాశం తక్కువ. కొన్నిసార్లు మీరు రాసిన ఫైల్ అక్కడ కాకుండా వర్చువల్ స్టోర్ అనే మరుగు ఫోల్డర్‌లోకి వెళ్తుంది. అప్పుడు మాడ్ పెట్టామని మీరు అనుకుంటారు, ఆటకు మాత్రం అది కనబడదు.

తిరిగి ఇన్‌స్టాల్ చేశాక వెర్షన్ 1.2.0416 అని ఉందో లేదో చూడండి. అదే ఆఖరి అధికారిక ప్యాచ్, మాడ్‌లలో ఎక్కువ భాగం దాన్నే ఆధారంగా తీసుకుంటాయి. మాడ్‌లు లేకుండా, కొత్త పాత్రతో, కనీసం ఒక గంట ఆడండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు, కానీ దీన్ని దాటకుండా ముందుకు వెళ్తే తరువాత కనిపించే ఏ లోపానికీ మూలం తెలియదు.

ఇక అరగంటకు ఆట మూసుకుపోవడం గురించి. ఆబ్లివియన్ 32 బిట్ ప్రోగ్రామ్. కంప్యూటర్‌లో 16 గిగాబైట్ల మెమరీ ఉన్నా, అటువంటి ప్రోగ్రామ్‌కు విండోస్ మామూలుగా ఇచ్చేది 2 గిగాబైట్ల చోటు మాత్రమే. మూల ఆటకు అది సరిపోతుంది. పెద్ద టెక్స్చర్ల మాడ్‌లు చేరాక, ఊరి నుంచి ఊరికి తిరుగుతున్నకొద్దీ ఆ చోటు నిండుతుంది, నిండగానే ఆట ఏ సందేశమూ ఇవ్వకుండా కూలిపోతుంది. 4జిబి ప్యాచ్ అనే చిన్న పనిముట్టు ఆట ఇఎక్స్ఇ ఫైల్‌లో ఒక గుర్తును మారుస్తుంది, దానితో 64 బిట్ విండోస్‌లో ఆటకు 4 గిగాబైట్ల వరకు చోటు దొరుకుతుంది. వాడే ముందు ఆబ్లివియన్.ఇఎక్స్ఇకి నకలు తీసి పెట్టుకోండి. దీని తరువాత కూడా అన్ని టెక్స్చర్లనూ అతిపెద్ద పరిమాణంలో పెట్టుకోవడం వివేకం కాదు. నేను పరిసరాలకు మధ్యస్థ పరిమాణపు టెక్స్చర్లే వాడతాను, ఆడుతున్నప్పుడు తేడా కంటికి అందదు.

గోడలు పాతవాటిలా ఉండటం వేరే సంగతి. మూల టెక్స్చర్లు బిఎస్ఏ అనే మూటల్లో ఉంటాయి. విడిగా పెట్టిన కొత్త ఫైల్‌ను వాడాలా, మూటలోనిదాన్ని వాడాలా అన్నది ఆట ఫైళ్ల తేదీలను పోల్చి నిర్ణయిస్తుంది. మాడ్‌లోని ఫైల్ తేదీ పాతదైతే ఆట దాన్ని పట్టించుకోదు. దీన్ని దాటించే ఏర్పాటునే ఆర్కైవ్ ఇన్‌వాలిడేషన్ అంటారు. పేరుపొందిన మాడ్ మేనేజర్లన్నింటిలో అది ఉంది, ఒక్కసారి అమర్చుకుంటే చాలు. పాత పద్ధతికి చెందిన ఆర్కైవ్ఇన్‌వాలిడేషన్.టిఎక్స్‌టి అనే ఫైల్ ఎక్కడైనా మిగిలి ఉంటే తొలగించండి. ఊదారంగు వచ్చిందంటే ఆట అడిగిన టెక్స్చర్ ఫైల్ అసలు లేదని, పసుపు గుర్తు వచ్చిందంటే ఆ వస్తువు ఆకృతి ఫైల్, అంటే మెష్, లేదని అర్థం. చేత్తో కాపీ చేసినప్పుడు డేటా ఫోల్డర్ లోపల మరో డేటా ఫోల్డర్ ఏర్పడటమే దీనికి నేను ఎక్కువసార్లు చూసిన కారణం. ఈసారి మాడ్ ఆర్గనైజర్ 2 వంటి మేనేజర్ వాడండి. అది ప్రతి మాడ్‌ను దాని ఫోల్డర్‌లోనే ఉంచి, ఆట నడిచేటప్పుడు మాత్రమే అన్నీ ఒకచోట ఉన్నట్టు చూపుతుంది. అసలు డేటా ఫోల్డర్ శుభ్రంగానే ఉంటుంది.

రెండో జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూ, డిఎల్ఎల్‌ల గురించి వివరంగా రాయాలనుకుంటున్నాను, ఎందుకంటే ఇక్కడ పోయేది సేవ్ ఒక్కటే కాకపోవచ్చు.

మాడ్ ఫైళ్లన్నీ ఒకే రకం కావు. టెక్స్చర్లు, మెష్‌లు, ఇఎస్‌పి ప్లగిన్‌లు (మాడ్ చేసే మార్పుల జాబితా ఉన్న ఫైళ్లు) ఆట చదువుకునే సమాచారం మాత్రమే. అవి పాడైతే ఆట కూలుతుంది. డిఎల్ఎల్, ఇఎక్స్ఇ ఫైళ్లు అలా కాదు. అవి మీ కంప్యూటర్‌లో మీ ఖాతాకు ఉన్న హక్కులతో నడిచే ప్రోగ్రామ్‌లు, మీ బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డ్‌లను చదవడానికి వాటికి ఆట అనుమతి అక్కరలేదు. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ మాడ్‌ల ద్వారా వ్యాపించిన ఫ్రాక్చరైజర్ అనే హానికర ప్రోగ్రామ్ కొందరు మాడ్ రచయితల ఖాతాలు దుండగుల చేతికి చిక్కడంతో బయటికి వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 25న స్లే ద స్పైర్ ఆటకు అభిమానులు చేసిన డౌన్‌ఫాల్ అనే విస్తరణకు కూడా అదే గతి పట్టింది. ఈ రెండు సందర్భాల్లోనూ ఆటగాళ్లు తెలియని చోటికి వెళ్లలేదు, నమ్మకమైన చోటునుంచే దించుకున్నారు. తెలియని సైటు, పైగా యాంటీవైరస్ ఆపమనే సూచన, ఇవి రెండూ కలిసినచోట ఇక ఆలోచించవలసినది ఏమీ లేదు.

ఆట నిజంగానే డి3డిఎక్స్9 అని మొదలయ్యే ఫైల్ లేదని అడుగుతుంటే, అది ఆటల గ్రాఫిక్స్ కోసం విండోస్ వాడే డైరెక్ట్ఎక్స్ 9 కాలపు భాగం. మైక్రోసాఫ్ట్ తానే ఇచ్చే డైరెక్ట్ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్‌ను ఇన్‌స్టాల్ చేస్తే అవన్నీ కలిపి వస్తాయి. ఒక్కొక్క డిఎల్ఎల్‌ను విడిగా అందించే సైటు నుంచి ఏదీ తీసుకోవలసిన అవసరం రాదు.

అయితే డిఎల్ఎల్ ఉన్న మాడ్‌లను పూర్తిగా మానుకోమని నేను అనను. మాడ్‌లకు అదనపు స్క్రిప్ట్ ఆదేశాలు ఇచ్చే ఎక్స్ఓబిఎస్ఈ అనే విస్తరణ, దాని మీద ఆధారపడి ఆటలోని లోపాలు సరిచేసే ఇంజిన్ బగ్ ఫిక్సెస్ అనే మాడ్ లేకుండా ఈ రోజున ఆబ్లివియన్‌ను సాఫీగా ఆడటం కష్టం. ఎక్స్ఓబిఎస్ఈ సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. ఇటువంటివాటిని అసలు రచయిత పేజీ నుంచే దించుకోండి, వేరేవారు తిరిగి ఎక్కించిన కట్టల నుంచి కాదు. ఫైల్‌ను అనేక యాంటీవైరస్ ఇంజిన్లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైటులో పరీక్షించండి. ఒకటి రెండు ఇంజిన్లు మాత్రమే అనుమానం చూపితే అది పొరపాటు హెచ్చరిక కావచ్చు, అప్పుడు కూడా మాడ్ పేజీలోని వ్యాఖ్యలు చదివి, కొద్దిరోజులు ఆగి నిర్ణయించుకోవడం మంచిది. ఆట ప్రోగ్రామ్ ఫైల్స్ బయట ఉంటే దాన్ని అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడపవలసిన అవసరం కూడా తప్పుతుంది, నా దృష్టిలో ఆ మార్పుకు ఇదే బలమైన కారణం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే అంతా తీసివేసి కొత్తగా మొదలుపెట్టాను. మాడ్‌లు లేకుండా రెండు గంటలు ఆడాను, ఒక్కసారి కూడా ఆగలేదు. 4జిబి ప్యాచ్, టెక్స్చర్లు చేర్చాక కూడా నిలకడగానే ఉంది, ఊదారంగు పోయింది. పసుపు గుర్తు కనిపించిన గుహ మాత్రం ఒక మాడ్ చేర్చినది, అప్పటికి దాన్ని ఇంకా పెట్టలేదు.

పాత జాబితాలోని 64 ప్లగిన్‌లనూ మేనేజర్ ద్వారా తిరిగి పెట్టి పాత సేవ్‌ను తెరిచినప్పుడు మాత్రం పది నిమిషాల్లోపే ఆగిపోతోంది. ఇంకొకటి కూడా గమనించాను. ఆయుధాలు చేర్చే మాడ్‌లు రెండు ఉన్నా, దుకాణదారుల దగ్గర ఒక మాడ్ ఆయుధాలే కనిపిస్తున్నాయి.

మూడో జవాబు

రెండోదానితో, అంటే ఆయుధాల సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదైన ఆగిపోవడానికి దారి దానిలోనే ఉంది.

దుకాణంలో, పెట్టెల్లో, శత్రువుల దగ్గర ఏమి దొరకాలో చెప్పే పట్టికలను లెవెల్డ్ లిస్టులు అంటారు. రెండు మాడ్‌లు ఒకే పట్టికను మారిస్తే ఆట వాటిని కలపదు, చివరగా లోడ్ అయినదాన్ని పూర్తిగా తీసుకుని ముందుదాన్ని పక్కన పెడుతుంది. రై బ్యాష్ అనే పనిముట్టు తయారుచేసే బ్యాష్డ్ ప్యాచ్ అటువంటి పట్టికలను కలిపి ఒక కొత్త ప్లగిన్‌గా ఇస్తుంది. మాడ్‌ల జాబితా మారిన ప్రతిసారీ దాన్ని మళ్లీ తయారుచేయాలి. లోడ్ ఆర్డర్‌ను, అంటే ప్లగిన్‌లను ఆట చదివే వరుసను, ఆబ్లివియన్ ప్లగిన్ ఫైళ్ల తేదీల ప్రకారం నిర్ణయిస్తుంది. తేదీలను మీరు స్వయంగా మార్చుకోవద్దు, లూట్ అనే పనిముట్టుతో వరుస సరిచేయించి, అది చూపించే హెచ్చరికలన్నీ చదవండి. ఒక ప్లగిన్ ఆధారపడిన మాస్టర్ ఫైల్ లేకపోతే ఆట మొదటి మెనూ దగ్గరే కూలుతుంది. మీకు అలా జరగడం లేదు కనుక ఆ లోపాన్ని పక్కన పెట్టవచ్చు.

పది నిమిషాల్లో కూలడానికి కారణమైన మాడ్‌ను కనుక్కోవడానికి జాబితాను సగానికి చీల్చండి. సేవ్ నకలు మీద మాత్రమే ఈ పని చేయాలి, ఈ పరీక్షల్లో పుట్టిన ఏ సేవ్‌నూ తరువాత కొనసాగించకూడదు. సగం ప్లగిన్‌లు ఆపి పరీక్షించండి, కూలితే లోపం ఆపని సగంలో ఉంది, దాన్ని మళ్లీ చీల్చండి. 64 ప్లగిన్‌లకు 6 పరీక్షలు చాలు. ఒక ప్లగిన్‌కు మాస్టర్‌గా ఉన్నదాన్ని ఆపినప్పుడు దాని మీద ఆధారపడినవాటినీ ఆపాలి. ఒక్కోసారి ఏ సగమూ విడిగా కూలదు, అంటే రెండు మాడ్‌ల మధ్య గొడవ ఉందన్నమాట. అప్పుడు ఒక సగాన్ని అలాగే ఉంచి, రెండో సగాన్ని మాత్రం ముక్కలుగా చేరుస్తూ పోవాలి. ఇది విసుగు పుట్టించే పనే, నేను ఒకసారి ఒక సాయంత్రమంతా దీనికే వెచ్చించాను, కానీ ఊహల మీద మాడ్‌లు తీసివేస్తూ పోతే వారం పట్టేది.

ఒక నిర్దిష్టమైన చోటే కూలుతుంటే ఇంకా దగ్గరి దారి ఉంది. అక్కడికి ముందు ఆగి కన్సోల్ (ఆటకు ఆదేశాలు టైప్ చేసే పెట్టె) తెరిచి, అనుమానం ఉన్న వస్తువు మీద నొక్కండి. 8 అక్షరాల గుర్తింపు సంఖ్య కనిపిస్తుంది. దాని మొదటి రెండు అక్షరాలు ఆ వస్తువును అక్కడ ఉంచిన ప్లగిన్, లోడ్ ఆర్డర్‌లో ఎన్నోదో చెబుతాయి. 00 అంటే మూల ఆట, ఎఫ్ఎఫ్ అంటే ఆట నడుస్తుండగా పుట్టిన వస్తువు. ప్లగిన్‌ల సంఖ్య 255 దాటకపోవడానికి కారణం కూడా ఈ రెండు అక్షరాలే. ఆ గుహలోని పసుపు గుర్తు మీద ఇలాగే నొక్కి చూడండి.

కారణమైన మాడ్ దొరికాక, అది ఇచ్చిన ఆయుధాలు, కవచాలు వదిలేయండి, దాని అన్వేషణ మధ్యలో ఉంటే వీలైతే పూర్తిచేయండి, అది చేర్చిన ప్రదేశం నుంచి బయటికి వచ్చి మూల ఆటకు చెందిన ఏదైనా గదిలో, ఆట కాలమానంలో 72 గంటలకు పైగా వేచి ఉండండి. ఆ తరువాత కొత్త పేరుతో సేవ్ చేసి, ప్లగిన్ ఆపి, తెరిచి, మళ్లీ కొత్త సేవ్ చేయండి. అన్వేషణలు, స్క్రిప్టులు ఎక్కువగా ఉన్న మాడ్ అయితే ఇంత చేసినా కొన్ని జాడలు మిగలవచ్చు. టెక్స్చర్లు మాత్రమే మార్చే మాడ్‌లకు ఇదేదీ అవసరం లేదు. ఇకపై క్విక్‌సేవ్ ఒక్కదాని మీదే ఆధారపడవద్దు, ఒకే ఫైల్ మీద పదే పదే రాస్తే అది పాడైన రోజున వెనక్కి వెళ్లడానికి ఏమీ ఉండదు. తెరుచుకోని మీ క్విక్‌సేవ్‌ను మాడ్‌లన్నీ కుదిరాక ఇంకొక్కసారి ప్రయత్నించండి, పాత జాబితా చెదిరిపోవడం వల్లే అది తెరుచుకోకపోయి ఉండవచ్చు.

నాలుగో జవాబు

ఒక చిన్న జాగ్రత్త. లూట్ కొన్ని ప్లగిన్‌లను శుభ్రపరచమని చెబుతుంది, అంటే మూల ఆటతో సరిసమానంగా ఉన్న అనవసరపు మార్పులను, తొలగించిన వస్తువుల జాడలను టిఇఎస్4ఎడిట్ అనే ప్లగిన్ సవరణ పనిముట్టుతో సరిచేయమని. అధికారిక అదనపు భాగాలకు కూడా ఈ సూచన వస్తుంది, వాటికి నకలు తీసుకుని చేయవచ్చు. మూల ఆట ప్రధాన ఫైల్ అయిన ఆబ్లివియన్.ఇఎస్ఎమ్‌ను మాత్రం ఎప్పుడూ శుభ్రపరచకూడదు, అన్ని ప్లగిన్‌లూ పోల్చుకునేది దానితోనే. అలాగే 2025 ఏప్రిల్‌లో వచ్చిన, ఈ ఆట కొత్త రూపమైన రీమాస్టర్డ్ కోసం చేసిన మాడ్‌లు ఇప్పుడు అదే పేరుతో వెతికితే ముందు కనిపిస్తున్నాయి. దించుకునే ముందు అది 2006 నాటి ఆటకు చేసినదేనా అని పేజీలో చూసుకోండి.