ఆపరేషన్‌కు ముందే కీమో అంటున్నారు, ఎందుకు?

ప్రశ్న:
అమ్మకు 52 ఏళ్లు. కుడి రొమ్ములో 6 సెం.మీ. గడ్డ, చంకలో గ్రంథులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయట. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు) పాజిటివ్, హెర్2 (క్యాన్సర్ కణాలను పెంచే ఒక ప్రోటీన్) "2+" అని వచ్చింది. ముందు 8 కీమోలు, ఆ తర్వాతే ఆపరేషన్ అంటున్నారు. గడ్డ తీసేసి కీమో ఇస్తే పోదా? ఈలోగా పాకితే?

జవాబు 1:
గ్రంథులు అలా అతుక్కున్నాయంటే స్టేజ్ 3. ఇప్పుడే కోస్తే చంకలో ఏమీ మిగలకుండా తీయడం కష్టం. పైగా గడ్డ ఉంటేనే మందు పట్టిందో లేదో తెలుస్తుంది. కీమో ముందిచ్చినా తర్వాతిచ్చినా ఆయుష్షులో తేడా రాలేదని అమెరికాలో 1988లో మొదలైన బీ-18 ట్రయల్‌లో తేలింది. కీమో నడుస్తుండగా గడ్డ పెరుగుతున్నట్టుంటే మాత్రం తర్వాతి డోసు దాకా ఆగకుండా చూపించండి.

నాకు కంగారు పెట్టేది ఆ "2+". అది అవుననీ కాదు, కాదనీ కాదు. ఫిష్ పరీక్ష (హెర్2 జన్యువు ఎక్కువగా ఉందో లేదో చూసేది) చేయించాలి. పాజిటివ్ వస్తే హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ అనే మందు చేరుతుంది, మందుల వరసే మారిపోతుంది. ఆ రిపోర్టు చూశాకే కీమో మొదలుపెట్టమనండి.

జవాబు 2:
క్లిప్ పెట్టారా అడగండి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో గడ్డ మధ్యలో గింజంత లోహపు ముక్క వదులుతారు. కీమోకి గడ్డ పూర్తిగా కరిగిపోతే, ఎక్కడ కోయాలో సర్జన్‌కు గుర్తు అదే. మొత్తం రొమ్ము తీసేయాలని ముందే నిర్ణయిస్తే దీని అవసరం అంతగా ఉండదు.

8 అంటే సాధారణంగా డోక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి 4, తర్వాత పాక్లిటాక్సెల్ 4. డోక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది. చదరపు మీటరుకు 60 మి.గ్రా. లెక్కన, ఒంటి వైశాల్యం 1.6 అయితే 96 మి.గ్రా. గుండెకు బరువు కాబట్టి ముందు 2డీ ఎకో (గుండె స్కాన్) తప్పనిసరి. హెపటైటిస్ బీ పరీక్ష కూడా. ఒకట్రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తం కాదు. ఎక్కించేటప్పుడు సూది దగ్గర మంటపుడితే ఓర్చుకోవద్దు, వెంటనే ఆపించాలి. మందు నరంలోంచి బయటికి కారితే కండ కుళ్లుతుంది. నరాలు సన్నగా ఉంటే పోర్ట్ (మందు ఎక్కించడానికి ఛాతీ చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టించుకోవడమే మేలు.

జవాబు 3:
థర్మామీటర్ కొనిపెట్టుకోండి. కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

ఇంకోటి. నాలుగైదు డోసులకు గడ్డ చేతికి తగలదు. "కరిగిపోయిందిగా, ఇంకా కోతెందుకు" అని చుట్టాలు మొదలుపెడతారు. చేతికి తగలనంత మాత్రాన కణాలు పోయినట్టు కాదు, తీసిన ముక్కను పాథాలజీలో చూస్తేనే తెలిసేది. చివరి కీమో అయిన 3 నుంచి 6 వారాల్లో ఆపరేషన్, దాని తర్వాత రేడియేషన్. ఆపరేషన్ తేదీ ఇప్పటినుంచే అడిగి ఉంచండి.