ర్యుగూ మీద రోవర్ నడిచిందా, కుప్పించి ఎగసిందా?

ప్రశ్న (బెంగళూరు నుంచి ఒక సభ్యురాలు):

మిత్రులకు నమస్కారం. ఇక్కడ మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు తెలుగు చెబుతున్న మేము కొందరం, జపాన్ వారి హయబుసా-2 నౌక గురించి ఒక పాఠం రాసుకుంటున్నాము. అందులో నేను "రెండు చిన్న రోవర్లు ర్యుగూ అనే గ్రహశకలం మీద దిగి నడిచాయి" అని రాశాను. చక్రాలూ కాళ్లూ లేనివి ఎలా నడుస్తాయని ఒకరు అడిగారు. "గెంతాయి" అంటే మరీ ఆటలాగా ఉంటుందని ఇంకొకరు అన్నారు. ఇక్కడ ఏ క్రియ వాడితే బాగుంటుందో పెద్దలు చెప్పగలరు.

జవాబు:

అమ్మా, మీ మిత్రుల అభ్యంతరం సరైనదే. "నడిచాయి" అన్నప్పుడు తప్పిపోయేది ఒక మాట మాత్రమే కాదు, ఆ యంత్రాలను అలా ఎందుకు తయారు చేశారన్న సంగతే తప్పిపోతుంది. చంద్రయాన్-3 వెంట వెళ్లిన ప్రజ్ఞాన్ రోవర్ 2023 ఆగస్టులో చంద్రుడి మీద ఆరు చక్రాలతో తిరిగింది కనుక దాన్ని "నడిచింది" అన్నా "తిరిగింది" అన్నా ఇబ్బంది లేదు. అక్కడి ఆకర్షణ మన భూమిపై ఉన్నదానిలో ఆరోవంతు ఉంటుంది. చక్రం నేలను పట్టుకోవడానికి అది చాలు. ర్యుగూ సంగతి వేరు. సుమారు 900 మీటర్ల అడ్డుకొలత గల ఆ రాళ్లకుప్ప మీద ఆకర్షణ భూమిపై ఉన్నదానిలో దాదాపు ఎనభై వేలవ వంతు. కిలోకు కాస్త ఎక్కువ ఉండే ఆ రోవర్ అక్కడ, ఇక్కడ మనం తూచే ఒక బియ్యపు గింజంత బరువు కూడా తూగదు. బరువు లేనప్పుడు ఒరిపిడి ఉండదు, ఒరిపిడి లేనప్పుడు చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది, ఏ చిన్న రాయి తగిలినా బండి మొత్తం పైకి లేచిపోతుంది.

అందుకని వాటిని తయారు చేసినవారు చక్రాన్ని వదిలి గెంతును ఎంచుకున్నారు. 2018 సెప్టెంబర్ 21న తల్లినౌక కిందికి వచ్చి వదిలిన ఆ రెండు రోవర్లు 18 సెంటీమీటర్ల వెడల్పూ 7 సెంటీమీటర్ల ఎత్తూ ఉన్న గుండ్రని డబ్బాలు. లోపల ఒక మోటారు తిరుగుతుంది. ఆ తిరుగుడుకు ఎదురుగా డబ్బా ఒరిగి, అంచుతో నేలను నెట్టి పైకి లేస్తుంది. ఒక్కొక్క గెంతులో పదిహేను మీటర్ల దాకా దూరం పోగలదు, పావుగంట సేపు గాలిలో ఉండగలదు. (గాలి అన్నది మన అలవాటు మాట, అక్కడ గాలి లేదు.) గెంతు ఎక్కువైనా ప్రమాదమే. ర్యుగూ పట్టు నుంచి శాశ్వతంగా తప్పించుకోవడానికి సెకనుకు నలభై సెంటీమీటర్ల లోపు వేగం చాలు, మనం నెమ్మదిగా నడిచే వేగంలో అది సగం కూడా ఉండదు.

ఇక క్రియ విషయం. నా ఓటు "కుప్పించి ఎగసింది" అన్నదానికి. భాగవతం ప్రథమ స్కంధంలో భీష్ముడు కృష్ణుణ్ని తలచుకుంటూ చెప్పిన «కుప్పించి యెగసిన» సీసపద్యం చాలామందికి కంఠస్థం. ఒడలిని దగ్గరకు తీసి ఒక్కసారిగా పైకి లేవడం అన్న భావం ఆ క్రియలో ఉంది, మోటారు శక్తిని లోపలే కూడగట్టుకుని లేచే యంత్రానికి అది బాగా సరిపోతుంది. అదే మాట నేటి వాడుకలో "కుప్పిగంతు"గా మిగిలింది, కానీ హనుమంతుడి ముందు కుప్పిగంతులా అనే సామెత దానికి ఎగతాళి రంగు పూసేసింది కనుక పాఠంలో దాన్ని వాడవద్దు. ఆ పద్యం రెండో పాదం మీ పిల్లలకు తప్పక చెప్పండి: «ఉఱికిన నోర్వక యుదరంబులో నున్న జగముల వ్రేఁగున జగతి గదల». కృష్ణుడు రథం మీది నుంచి ఉరికితే, ఆయన కడుపులోని లోకాల బరువుకు భూమి ఓర్వలేక కదిలిందట. వ్రేగు అంటే బరువు. ర్యుగూ మీద ఆ వ్రేగు లేకపోవడమే అసలు చిక్కు.

మరొక సభ్యుడు:

"కుప్పించి ఎగసింది" అందంగానే ఉంది, కానీ మూడో తరగతి పిల్లవాడికి "గెంతింది" చాలదా? ఇంకొక సందేహం. కన్నడ పత్రికల్లో గ్రహశకలాన్ని క్షుద్రగ్రహ అంటారు. బెంగళూరు పిల్లలు బడిలో విన్న ఆ మాటనే మనమూ తీసుకోకూడదా?

జవాబు:

చిన్నపిల్లలకు "గెంతింది" చాలు. నాకు దాని మీద కోపం లేదు. పెద్ద తరగతుల పాఠంలో మాత్రం పద్యాన్ని ముట్టుకునే అవకాశం వదులుకోను.

క్షుద్ర అంటే సంస్కృతంలో చిన్నది అనే, అయితే తెలుగు చెవికి క్షుద్రపూజలే ముందు వినిపిస్తాయి. మన "గ్రహశకలం" అన్న మాట ఆ విధంగా మేలు. పాలస్ అనే గ్రహశకలాన్ని 1802లో కనుగొన్న ఖగోళ శాస్త్రవేత్త ఓల్బర్స్ ఇవన్నీ ఒక గ్రహం పగిలిన ముక్కలు కావచ్చునని ఊహించాడు. ఆ ఊహ నిలవలేదు, అవి గ్రహంగా కూడుకోలేకపోయిన పదార్థమని నేటి అవగాహన. అయినా ర్యుగూ, బెన్నూ అనే మరో గ్రహశకలం రెండూ అంతకంటే పెద్దదైన ఏదో ఒక వస్తువు బద్దలైన తరువాత ఆ ముక్కలే మళ్లీ పోగుపడి ఏర్పడ్డవి కనుక, శకలం అన్న మాట వాటి విషయంలో చెల్లుతుంది.

మీ పాఠంలో "దిగి" అన్న మాటను కూడా ఒకసారి చూడండి. రోవర్లు దిగాయి, సరే. అమెరికా వారి నియర్ షూమేకర్ నౌక 2001 ఫిబ్రవరి 12న ఈరోస్ అనే గ్రహశకలం మీద దిగి అక్కడే ఉండిపోయింది కనుక అదీ దిగడమే. తల్లినౌక హయబుసా-2 మాత్రం 2019 ఫిబ్రవరిలోనూ జూలైలోనూ ర్యుగూను కాస్త తాకి, నమూనా తీసుకుని, క్షణాల్లో లేచిపోయింది. దానికి మన భాషలో "వాలింది" అన్న క్రియ సిద్ధంగా ఉంది. పిట్ట వాలుతుంది, ఈగ వాలుతుంది, తిరిగి లేచిపోతుందన్న సూచన ఆ మాటలోనే ఉంది. "ల్యాండ్ అయింది" అని అన్నింటికీ ఒకే ముద్ర కొడితే ఈ తేడా కనపడదు.

2020 అక్టోబర్ 20న బెన్నూ మీద జరిగినదానికి వాలడం కూడా చాలదు. అమెరికా వారి ఒసైరిస్-రెక్స్ నౌక చేయి చాచి నేలను తాకితే, గట్టిగా ఉంటుందనుకున్న ఉపరితలం ఆనకుండా ఆ చేయి సుమారు అర మీటరు లోపలికి పోయింది. ఇంజన్లు మండి వెనక్కి లాగకపోతే ఇంకా పోయేదని తరువాత తేలింది. అక్కడి రాళ్లకూ గులకకూ ఒకదానితో మరొకదానికి పట్టే లేదు. బురదలో కాలు పోయినప్పుడు మనవాళ్లు వాడే "దిగబడింది" ఇక్కడ అచ్చంగా అతుకుతుంది. పాఠం తరువాతి భాగంలో బెన్నూ గురించి రాసేటట్లయితే, నౌక వాలింది, చేయి దిగబడింది అని రెండు క్రియలూ వేరుగా వాడండి.