ఇంగ్లీషు మాట పక్కన తెలుగు అర్థం రాసుకోవాలా, వద్దా?

కావలి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. 2021లో డిగ్రీలో చేరాను. సరిగ్గా ఆ ఏడాదే డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియం చేశారు. ఇప్పుడు క్యాట్‌కీ జీఆర్‌ఈకీ కలిపి చదువుతున్నాను, ఇక్కడ ఎంబీఏకి క్యాట్, విదేశాల్లో పీజీకి జీఆర్‌ఈ, ఏది కలిసొస్తే అటు పోదామని.

రాత్రిళ్లు నాన్నకు తోడుగా రొయ్యల గుంటల దగ్గర ఉంటాను. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుంటే పైకి చదివినా నా గొంతు నాకే వినపడదు. అక్కడే షెడ్డులో బల్బు కింద కూర్చుని ఎనిమిది నెలల్లో మూడు లాంగ్ నోట్‌బుక్కులు నింపాను. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం. రెండు వేలు దాటాయి.

పోయిన వారం నేను వెళ్లే కోచింగ్ సెంటర్‌లో సార్ ఆ నోట్‌బుక్ తీసి చూశారు. "ఈ తెలుగు రాసినంత కాలం నీకు ఇంగ్లీషు రాదు" అని అందరి ముందూ పేజీ మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టారు. అప్పటినుంచి దాన్ని తెరవబుద్ధి కావడం లేదు. మాక్ టెస్టుల్లో నా వెర్బల్ (ఇంగ్లీషు భాగం) మార్కులు ఉన్నచోటే ఉన్న మాట కూడా నిజం. తెలుగు అర్థం రాసుకోవడం నిజంగా తప్పా? ఈ దారిన పోయినవాళ్లు చెప్పండి.

ఒంగోలు, కర్నూలు రోడ్డు:

తమ్ముడూ, అందరి ముందూ గీత కొట్టడం తప్పు. కానీ ఆయన అన్న మాట తప్పు కాదు.

నేనూ నీలాగే మొదలుపెట్టి రెండు సార్లు జీఆర్‌ఈ రాశాను. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్షను రెండు గంటల లోపుకి కుదించారు. వెర్బల్‌లో 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. ఒక్కోదానికి నిమిషన్నర, ప్యాసేజ్ చదివే టైమ్ కూడా అందులోనే. ఇంగ్లీషు చదివి, మనసులో తెలుగు చేసుకుని, ఆలోచించి, మళ్లీ ఇంగ్లీషు ఆప్షన్ల దగ్గరికి వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతుంది.

ఇంకోటి. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అని ఒక రకం ప్రశ్న ఉంది కదా. ఒక ఖాళీ, ఆరు మాటలు, అందులో రెండు ఎంచాలి. ఆ రెండూ వాక్యానికి ఒకే అర్థం తేవాలి. ఒకటి కరెక్టయి రెండోది తప్పితే సగం మార్కు కూడా రాదు. నా నోట్‌బుక్‌లో ఫ్రూగల్, థ్రిఫ్టీ, పార్సిమోనియస్ మూడింటి పక్కనా 'పొదుపు' అనే ఉంది. మాక్‌లో ఒక వాక్యం, ఎవరినో మెచ్చుకుంటూ రాసింది. నేను ఫ్రూగల్, పార్సిమోనియస్ పెట్టాను. రెండోది తప్పు, అది పిసినారిని అనే మాట. ఆ రోజే నోట్‌బుక్ పక్కన పడేశాను. తర్వాత అన్నీ ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకే చదివాను, రెండోసారి స్కోరు పెరిగింది.

పొదిలి నుంచి:

అసలు ఏ పరీక్షకో తేల్చుకోకుండా ఈ మాట మాట్లాడితే లాభం లేదు. నేను ఐసెట్ రాసి ఎంబీఏలో చేరాను. అందులో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పుకు మైనస్ లేదు. మాటకు అర్థం సూటిగా అడుగుతారు. నాకు తెలుగు అర్థాల నోట్‌బుక్కే పనికొచ్చింది, దాచాల్సిన పని లేదు.

క్యాట్ వేరు. ఈమధ్య వెర్బల్‌లో 24 ప్రశ్నలు, 40 నిమిషాలు ఇస్తున్నారు. వాటిలో 16 ప్యాసేజీల మీదే. ఫలానా మాటకు అర్థం ఏమిటని విడిగా అడగడం లేదు. దానికి రెండు వేల మాటల జాబితా దేనికి తమ్ముడూ? రోజుకు రెండు ప్యాసేజీలు చదువు చాలు.

కందుకూరు మాస్టారు:

నేను హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఆ ఎర్ర గీత గురించి చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఒంగోలు అబ్బాయికి ముందు నా జవాబు. నాయనా, నిన్ను ముంచింది తెలుగు కాదు, అరకొర తెలుగు. మూడు మాటలకూ 'పొదుపు' అని రాసుకున్నావు. ఫ్రూగల్ పక్కన 'పొదుపరి', పార్సిమోనియస్ పక్కన 'పిసినారి' అని రాసి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. మొదటిది మెచ్చుకోలు, రెండోది తిట్టు. ఆ తేడా తెలుగులో నీకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఇంట్లో వింటూ పెరిగావు. గ్యారులస్ అంటే 'ఎక్కువ మాట్లాడేవాడు' అని రాసుకునే పిలకాయలు పరీక్షలో తడబడటం చూశాను. 'వాగుడుకాయ' అని రాసుకున్నవాడు తడబడలేదు. ఆ మాటలో విసుగు ఉంది కనక.

ఇక నన్ను బాధపెట్టే అసలు సంగతి. మన పిల్లలను పడగొట్టేది తెలియని మాట కాదు, తెలిసిన మాట. తెలియని మాట దగ్గర ఆగుతారు, చుట్టూ చూస్తారు. తెలిసిన మాట దగ్గర ఆగరు.

శాంక్షన్ సంగతే చూడండి. లోన్ శాంక్షనైంది, ఇల్లు శాంక్షనైంది అని ఊళ్లో అందరూ అంటారు. ప్యాసేజ్‌లో ఒక దేశం మీద శాంక్షన్లు పెట్టారని వస్తే? అక్కడ అది ఆంక్ష. ఒకే మాటకు అనుమతి, శిక్ష రెండూ అర్థాలే. కరెన్సీ అంటే మనకు నోట్లు. ఒక అభిప్రాయానికి కరెన్సీ వచ్చిందంటే అది జనంలో చలామణి అవుతోందని. మన 'చలామణి' కూడా అచ్చం అలాగే డబ్బుకీ మాటకీ రెండింటికీ నడుస్తుంది, ఎంత చక్కగా కుదిరిందో చూడండి! గ్రావిటీ అనగానే చెట్టు మీంచి పండు పడటమే గుర్తొస్తుంది, సమస్య గ్రావిటీ అంటే దాని తీవ్రత. క్వాలిఫై అంటే పాసవడం అనుకుంటాం. ఒక రచయిత క్వాలిఫైడ్ సపోర్ట్ ఇచ్చాడంటే అర్హత గల మద్దతు కాదు, షరతులు పెట్టిన మద్దతు. డిస్‌ఇంట్రెస్టెడ్ జడ్జి అంటే ఆసక్తి లేని జడ్జి కాదు, ఏ పక్షానికీ మొగ్గనివాడు.

ఈ మాటలు నీ మూడు నోట్‌బుక్కుల్లో ఎన్ని ఉన్నాయి నాయనా? ఒక్కటీ ఉండదనుకుంటాను. ఎందుకంటే ఇవి నీకు 'వచ్చు'.

మన వైపు మనిషి వెన్నెలకంటి సుబ్బారావు గారని ఉండేవారు (1784–1839). అప్పటి పై కోర్టు అయిన మద్రాసు సదర్ కోర్టులో దుబాసీగా పనిచేశారు. తన జీవితాన్ని ఇంగ్లీషులో రాసుకుంటే ఆయన పోయాక 1873లో అచ్చయింది. ఆయన 1820లోనే మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి రాస్తూ మొరపెట్టుకున్నది ఏమిటంటే, బడుల్లో పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని. రెండు వందల ఏళ్లు దాటింది. ఏ భాషలో రాసుకున్నావన్నది కాదు, అర్థం పట్టుకున్నావా లేదా అన్నదే నా బాధ.

ఒంగోలు, కర్నూలు రోడ్డు:

మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పిన శాంక్షన్, క్వాలిఫైడ్ రెండూ నా వాదనకే బలం అనిపిస్తోంది. శాంక్షన్ పక్కన తెలుగులో 'అనుమతి, ఆంక్ష' అని రాసుకుంటే ప్యాసేజ్‌లో ఏది తీసుకోవాలో ఎలా తెలుస్తుంది? ఆ వాక్యమే చెప్పాలి. వాక్యం ఇంగ్లీషులో ఉంది. మరి తెలుగు ఎందుకు?

జాబితాల మీద మాత్రం పొదిలి వాళ్లు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. 2011 ఆగస్టులోనే జీఆర్‌ఈలో వ్యతిరేక పదాలు, ఎనాలజీలు (మాటల జతల పోలికలు) తీసేశారు. ఆ కాలానికి తయారుచేసిన జాబితాలే ఇంకా జెరాక్స్ తీసి పిల్లల చేతిలో పెడుతున్నారు. నాకూ పెట్టారు. ఆరు నెలలు దాని మీదే పోయాయి. ఇప్పటికీ కోపం వస్తుంది.

కందుకూరు మాస్టారు:

వాక్యమే చెప్పాలన్నావు చూడు, అది నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఆ వాక్యం దగ్గరే మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. తెలుగులో 'తర్వాత వచ్చిన పండితులు కొట్టిపారేసిన సిద్ధాంతం మళ్లీ తలెత్తింది' అంటాం. సిద్ధాంతం గురించి చెప్పాల్సిందంతా దానికి ముందే చెప్పేస్తాం. ఇంగ్లీషులో సిద్ధాంతం ముందొస్తుంది, దాని వెనక పండితులు, వాళ్లు ఎప్పటివాళ్లో, కొట్టిపారేయడం, అన్నిటికంటే చివర 'మళ్లీ తలెత్తింది'. మన పిల్లవాడు పండితుల దగ్గరికి వచ్చేసరికి సిద్ధాంతాన్ని మర్చిపోతాడు. తలెత్తింది పండితులు అనుకుంటాడు. ఆప్షన్లలో సరిగ్గా అలాంటి తప్పుడు జవాబే ఒకటి కాచుకుని ఉంటుంది.

దీనికి నేను క్లాసులో చేయించింది ఒకటే. పెద్ద వాక్యం ఇచ్చి, దాన్ని నోటితో తెలుగులో చెప్పమనేవాణ్ని. మాటకు మాట కాదు, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు. చెప్పగలిగితే అర్థమైనట్టు. నీళ్లు నమిలితే ఎక్కడ తెగిందో అక్కడే దొరికిపోతుంది. పరీక్ష హాల్లో ఇలా చెయ్యమనడం లేదు, అక్కడ టైమ్ ఉండదని ఒప్పుకుంటాను. ఇంటి దగ్గర ఓ రెండు నెలలు చేస్తే వాక్యం ఎక్కడ మలుపు తిరుగుతుందో కంటికి అలవాటవుతుంది. తర్వాత తెలుగు దానంతట అదే తప్పుకుంటుంది. సైకిల్ నేర్చుకునేటప్పుడు వెనక పట్టుకున్న చెయ్యిలాగా, ఎప్పుడు వదిలిందో కూడా తెలియదు.

పొదిలి నుంచి:

మాస్టారూ, ఇది మా ఇంట్లో చేసి చూశాను, మా చెల్లెలి చేత. 'ఆల్దో' అని మొదలైన వాక్యాన్ని తెలుగులో చెప్పమంటే మొదటి సగం చెప్పి అక్కడే ఆపేసింది. అసలు విషయం రెండో సగంలో ఉందని దానికి తట్టనే లేదు. మాటలన్నీ తెలుసు దానికి, ఒక్కటి కూడా కొత్తది కాదు.

కావలి కుర్రాడు:

అన్నా, అక్కా, మాస్టారూ, అందరికీ థ్యాంక్స్. రాత్రి గుంటల దగ్గర పగడపు దిబ్బల మీద ఒక ప్యాసేజ్ తీశాను. మాస్టారు చెప్పినట్టు పేరా పేరాకీ ఆగి పైకి తెలుగులో చెప్పుకున్నాను. ఏరేటర్ల చప్పుడు కాబట్టి నాన్న కూడా లేవలేదు. ఒక ప్యాసేజ్‌కి ముప్పావు గంట పట్టింది, అది మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది.

చివరి ప్రశ్న రచయిత ఉద్దేశం ఏమిటని. ఆప్షన్లలో ఒకటి క్వాలిఫైడ్ అప్రూవల్. మునుపైతే దాన్ని వదిలేసి 'పూర్తి మద్దతు' పెట్టేవాణ్ని. ఈసారి పేరాలో 'హౌఎవర్' దగ్గర ఆగాను. క్వాలిఫైడ్ కరెక్టయింది.

ఎర్ర గీత ఉన్న పేజీ తీసి, కింద ఖాళీలో ఆ మాట రాసుకున్నాను. పక్కన ప్యాసేజ్‌లోని వాక్యం మొత్తం ఇంగ్లీషులో, దాని కింద తెలుగులో 'అవును గానీ...' అని. ఇలా రాసుకోవచ్చా మాస్టారూ? ముప్పావు గంట ఎప్పటికి తగ్గుతుంది?

కందుకూరు మాస్టారు:

రాసుకోవచ్చు నాయనా. 'అవును గానీ' కంటే మంచి అర్థం నేను కూడా చెప్పలేను. వాక్యం పక్కనే పెట్టుకున్నావు కాబట్టి ఒంగోలు అబ్బాయి కూడా కాదనడు. టైమ్ గురించి ఇప్పుడే గడియారం పెట్టుకోకు. మూడు వారాలు రోజుకొకటే చెయ్యి. నాలుగో వారం నుంచి మొదటి పేరా మాత్రం తెలుగులో చెప్పుకుని మిగతావి ఇంగ్లీషులోనే చదువుకుంటూ పో.

ఒంగోలు, కర్నూలు రోడ్డు:

వాక్యం పెట్టుకున్నందుకు కాదనను మాస్టారూ. తెలుగు దానంతట అదే తప్పుకుంటుందన్న మాట మాత్రం నాకింకా నమ్మకం కుదరడం లేదు, నాకు అది కష్టపడి వదిలించుకుంటే గానీ వదల్లేదు. తమ్ముడూ, నాలుగో వారం అయ్యాక గడియారం పెట్టి ఒక మాక్ రాసి, ఎన్ని నిమిషాలు పట్టిందో ఇక్కడే రాయి. నా దగ్గర పాత మాక్‌లు ఇరవై దాకా ఉన్నాయి, అన్నీ పంపిస్తాను.