అప్‌డేట్: వైఫై 6 రూటర్ పెట్టాక కూడా స్పీడ్ 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగడానికి కారణం దొరికింది

ముందు అడిగింది క్లుప్తంగా: విజయనగరంలో మేడ ఇల్లు, 200 ఎంబీపీఎస్ ఫైబర్. కొత్త ఫోన్లు, ల్యాప్‌టాప్ వైఫై 6వి. ఏ రూటర్ కొనాలి అని.

డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న) ఏఎక్స్3000 రకం వైఫై 6 రూటర్ తీసుకున్నాం, పోర్టులన్నీ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్ వరకు). అయినా స్పీడ్ 94 దాటలేదు. ఆ అంకె చూడగానే వైఫైని కాదు, కేబుల్‌ని అనుమానించాలి. 100 మెగాబిట్ లింకులో చేతికొచ్చేది అంతే. ఫైబర్ బాక్సు నుంచి రూటర్‌కి వచ్చే వైరు కొన చూస్తే నారింజ, ఆకుపచ్చ జతలే క్రింప్ చేసి (ప్లగ్‌లో బిగించి) ఉన్నాయి. నీలం, గోధుమ జతలు కత్తిరించేశారు. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి. దాని బదులు క్యాట్6 ప్యాచ్ కార్డ్ (ఎనిమిది తీగలూ ఉన్న రెడీమేడ్ నెట్‌వర్క్ కేబుల్) పెట్టగానే ప్లాన్ స్పీడ్ పూర్తిగా వచ్చింది.

ఫైబర్ బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో (బాక్సు నెట్‌ని అందించడమే, లాగిన్ పని మన రూటర్‌దే) పెట్టించాలంటే పీపీపీఓఈ (నెట్ కంపెనీ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు (కంపెనీ తన లైనుకి ఇచ్చే గుర్తు నంబరు) ముందే కంపెనీని అడిగి రాసుకోండి. ఇవి లేకుండా మోడ్ మారిస్తే నెట్ పోతుంది. బాక్సులోని పాత వైఫై ఆపేయడం మరవద్దు.

5 గిగాహెర్ట్జ్‌కి 80 మెగాహెర్ట్జ్ వెడల్పు, ఛానల్ 36 పెట్టాం. 160 పెడితే రాడార్ వాడే ఛానళ్లు కూడా కలుస్తాయి, అందుకే రూటర్ ఆన్ చేశాక రాడార్ ఉందేమో కనీసం ఒక నిమిషం విని గానీ సిగ్నల్ ఇవ్వదు. ఫోన్లలో చాలావాటికి 80 మించి పనికిరాదు కూడా.

వైఫై భద్రతకి కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంచితే పాత స్మార్ట్ ప్లగ్, కెమెరా కనెక్ట్ కాలేదు. వాటికి 2.4 గిగాహెర్ట్జ్‌లో పాత పద్ధతి డబ్ల్యూపీఏ2తో వేరే వైఫై పేరు పెట్టాం.

మేడ మీదికి స్లాబ్ దాటి 5 గిగాహెర్ట్జ్ ఇంకా బలహీనమే. రిపీటర్ (వైఫైనే అందుకుని మళ్లీ పంపేది) కొనం, పైకి క్యాట్6 కేబుల్ లాగి యాక్సెస్ పాయింట్ (కేబుల్‌తో నెట్ తీసుకుని వైఫై ఇచ్చే పెట్టె) పెడతాం.