అప్పిచ్చినవాడి తప్పా, తీసుకున్నవాడి తప్పా?

గట్టుమీద:
నర్మద మీద కట్టిన సర్దార్ సరోవర్ డ్యామ్ పేరెత్తితే చాలు, అందరూ ప్రపంచ బ్యాంకునే తిడతారు. 1985లో 45 కోట్ల డాలర్లు ఇస్తామంది, నిజమే. కానీ జనాన్ని ఖాళీ చేయించింది, పునరావాసం ఎగ్గొట్టింది మన ప్రభుత్వాలు కాదా?

పాతఫైలు:
అప్పివ్వడం తప్పని ఎవరన్నారండీ, చూడకుండా ఇవ్వడం గురించే గొడవంతా. మునిగే ఊళ్ళవాళ్ళకి భూమి ఎక్కడిస్తారో తేలకముందే సంతకాలైపోయాయి. గోల తట్టుకోలేక 1991లో బ్యాంకే బ్రాడ్‌ఫర్డ్ మోర్స్‌తో స్వతంత్ర కమిటీ వేసింది. ఆయన అంతకుముందు యూఎన్‌డీపీని (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ) నడిపినాయన, జెండా పట్టుకుని తిరిగే మనిషేం కాదు. వెనక్కి తగ్గండి అని 1992 జూన్‌లో ఆ కమిటీ చెప్తే, అక్టోబర్‌లో బోర్డు కొనసాగిద్దామని ఓటేసింది! అదే ఏడాది బ్యాంకు సొంత సమీక్ష, వాపెన్‌హాన్స్ నివేదిక, రోగమేంటో చెప్పేసింది: ఇక్కడ అప్పు మంజూరు చేయించినవాడికే పేరు, తర్వాత పని ఎలా సాగిందో చూసేవాణ్ణి పట్టించుకునేవాడు లేడు అని.

నేనూ ఇలాంటి అప్పుతో నడిచిన ఓ తాగునీటి పథకంలో మూడేళ్ళు చేశాను. మిషన్ వస్తోందంటే (తనిఖీకొచ్చే బృందాన్ని అలాగే అంటారు) ట్యాంకుకి రంగు, దారి పొడవునా సున్నం, మాకు టెన్షన్. మీటింగ్‌లో మొదటి ప్రశ్న ఎప్పుడూ డిస్బర్స్‌మెంట్ (అప్పు సొమ్ము విడుదల) ఎంతయిందనే. "మా వీధికి నీళ్ళెప్పుడొస్తాయి సార్" అని అడిగింది మాత్రం టీ తెచ్చినావిడ.

గట్టుమీద:
బాగానే ఉంది. మరి 1993 మార్చిలో మిగతా అప్పు మాకొద్దని మన ప్రభుత్వమే అన్నాక డ్యామ్ ఆగిందా? మధ్యలో సుప్రీంకోర్టు కొన్నేళ్ళు ఆపింది, 2000లో సరేనంది, 2017లో 138.68 మీటర్ల డ్యామ్‌కి ప్రారంభోత్సవం అయిపోయింది. షరతులు పెట్టేవాడు పోవడం వల్ల మునిగినవాళ్ళకి ఒరిగిందేంటి?

పాతఫైలు:
అది నష్టమే, ఒప్పుకుంటా. కానీ ఆ గొడవలోంచే 1993లో, బ్యాంకు ప్రాజెక్టులతో నష్టపోయే జనం ఫిర్యాదులు వినే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ బ్యాంకులో పుట్టింది, మన అమరావతి రైతులు కొందరు 2017లో ఫిర్యాదు చేసింది దానికే. బ్యాంకు సొంతంగా బుద్ధొచ్చి పెట్టుకున్నది కాదు, నర్మద జనం మెడలు వంచి పెట్టించారు.

చెరువుగట్టు:
మధ్యలో దూరుతున్నాను. ఆ టీ ఆవిడ వీధికి నీళ్ళొచ్చాయా?

పాతఫైలు:
నేను మానేసే నాటికి రాలేదండీ.